టెలిఫోన్ బాబాయిగారికి, మా కష్టంలో తోడున్న అందరికీ కృతజ్ఞతలు

అమ్మ నిన్న సాయంత్రం ఇంటికొచ్చింది. తుంటి ఆపరేషన్ బాగా జరిగింది. వాకర్ పట్టుకుని బాత్రూమ్ దాకా నడుస్తోంది. నిద్ర లేక నా కళ్ళు మండుతున్నాయి గానీ ఇది ఈ రాత్రే రాసెయ్యాలి. మందులు, ఫిజియోథెరపీ, స్కూలు అని మళ్ళీ పనుల్లో పడ్డానంటే ఇక కుదరదు.

అందరూ అమ్మ గురించి అడుగుతున్నారు. వైద్యం చేసిన డాక్టర్లకి చేతులెత్తి దండం పెడుతున్నాను. కానీ ఈ రోజుల్లో నన్ను నిలబెట్టిన మనిషి ఆసుపత్రిలో లేరు. ఆయన టెలిఫోన్ శాఖలో కేబుల్ పని చేసి రిటైరైన పెద్దాయన. మాకు బంధువు కాదు, స్నేహితుడు కాదు, అంతకుముందు ముఖం కూడా తెలియదు. పేరు రాయొద్దన్నారు. మేం బాబాయిగారూ అని పిలుస్తున్నాం, ఇక్కడా అలాగే రాస్తాను.

మా నాన్నగారికి నీటికాసుల వల్ల రెండు కళ్ళూ పోయాయి. పోర్టులో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, ఒకరి మీద ఆధారపడటం ఇష్టం ఉండదు. విశాఖపట్నం పెదవాల్తేరులో మా పాత ఇంట్లో గోడ తడుముకుంటూ ఆయన తిరగని మూల లేదు. సెల్‌ఫోన్ మాత్రం ఆయనకి పనికిరాదు. నున్నటి అద్దం మీద ఏ అంకె ఎక్కడుందో వేలికి ఎలా తెలుస్తుంది? ల్యాండ్‌లైన్ ఫోన్‌కైతే 5 మీద చిన్న బొడిపె ఉంటుంది. దాని మీద వేలు ఆనించి చుట్టూ ఉన్న అంకెలన్నీ నొక్కేస్తారు. చుట్టాల నంబర్లన్నీ నోటికి వచ్చు.

అమ్మ స్నానాల గదిలో జారి పడ్డాక నాన్నగారిని మా ఇంటికి రమ్మన్నాను. రానన్నారు. ‘మీ ఇంటి గోడలు నాకు తెలీవు, అక్కడ నేను కూడా పడితే నువ్వేం చేస్తావు’ అన్నారు. ఆ మాటా నిజమే. రాత్రిళ్ళు మావారు వచ్చి పడుకున్నారు. తమ్ముడు హైదరాబాద్ నుంచి వచ్చి బిల్లులూ ఇన్సూరెన్సూ చూసుకున్నాడు. మరదలు వంట చేసి పంపింది. పగలు మాత్రం నాన్నగారు చాలాసేపు ఒక్కరే.

భయమంతా ఫోన్ దగ్గరే వచ్చింది. ఫోన్ హాల్లో ఉంటుంది. ఆయన పడగ్గదిలోనో వెనక వరండాలోనో ఉంటారు. రింగ్ వినపడగానే ఆసుపత్రి నుంచేమోనని గబగబా లేచేస్తారు. చేరేలోపు కట్ అయిపోతుంది. ఎవరు చేశారో ఆ బుల్లి తెర మీద చూడలేరు. ఇక అక్కడే కుర్చీలో కూర్చుండిపోతారు, అన్నం కూడా తినకుండా. ఒకసారి టీపాయ్ అంచు తగిలి మోకాలి దగ్గర చీరుకుపోయింది. ఇటు ఆసుపత్రి వరండాలో నిలబడి నేను చేస్తే రింగ్ మోగుతూనే ఉంటుంది, ఎవరూ ఎత్తరు. ఆయన పడిపోయారా, నడిచి వస్తున్నారా, నిద్రపోతున్నారా? ఆ టెన్షన్ పగవాళ్ళకి కూడా వద్దు.

ఆయన పరుగెత్తకుండా ఉండాలంటే ఫోన్ తనంతట తనే ఎత్తి మాట్లాడాలి. అలా ఆన్సరింగ్ మెషిన్ కోసం డాబా గార్డెన్స్‌లో షాపులన్నీ తిరిగాను. ‘ఇప్పుడు అవి ఎవరు వాడుతున్నారు మేడమ్’ అనేవాళ్ళే అందరూ. చివరికి ఒక చిన్న షాపు కుర్రాడు అటక మీది నుంచి దుమ్ము పట్టిన పెట్టె ఒకటి దించాడు. వైరు ఫోనే, అందులోనే డిజిటల్ ఆన్సరింగ్ మెషిన్ కూడా ఉంది. పాతకాలం వాటిలా క్యాసెట్ ఉండదు, మాటలు లోపలి చిప్‌లో రికార్డవుతాయి. అయితే అడాప్టర్ లేదు. అమెరికాలో ఉన్న మా పిన్ని కూతురు వైరు లేకుండా ఇల్లంతా వెంట పెట్టుకు తిరిగే కార్డ్‌లెస్ ఫోన్ పంపిస్తానంది, దానికోసం ఆగమంటారా అని మావారితో సెల్‌లో అంటున్నాను.

పక్కన స్టూల్ మీద కూర్చున్న పెద్దాయన కల్పించుకున్నారు. ‘అది వద్దమ్మా. అమెరికా కార్డ్‌లెస్ పనిచేసే ఫ్రీక్వెన్సీని ఇక్కడ సెల్ కంపెనీలకి ఇచ్చారు. టవర్లకి అడ్డొస్తుంది, మన దగ్గర వాడకూడదు. ఇదే తీసుకో.’ అంటూ మెషిన్ తిరగేసి, జేబులోంచి భూతద్దం తీసి అడుగున రాసింది చదివారు. ఎన్ని వోల్టులు, ఎన్ని మిల్లీ ఆంపియర్లు, పిన్ మధ్యలో ప్లస్సా మైనస్సా. షాపువాళ్ళ పాత అడాప్టర్ల డబ్బా ముందేసుకుని ఒక్కొక్కటీ మీటర్ పెట్టి చూసి, సరిపోయేది తీశారు. ‘పిన్ పట్టింది కదాని పెట్టెయ్యకూడదు, ప్లస్ మైనస్ తిరగబడితే కాలిపోద్ది’ అన్నారు. అప్పుడు అడిగారు, ‘ఎవరికమ్మా ఇది?’ అని.

చెప్పడం మొదలుపెట్టాను, పూర్తి చెయ్యలేకపోయాను. అంతమంది మధ్య షాపులో నిలబడి ఏడ్చేశాను. ఆయన ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ‘పద తల్లీ, నేనొచ్చి పెడతాను’ అని స్కూటర్ తాళం తీసుకున్నారు.

ఇంటికొచ్చాక ఆయన మొదట చూసింది మెషిన్ పెట్టాల్సిన చోటు కాదు, నేల. ఇక్కడ కొంచెం కోపంగానే రాస్తున్నాను, తప్పదు. మా ఫోన్ కంపెనీ పాత రాగి లైను తీసేసి ఫైబర్ ఇచ్చింది. వచ్చిన మనిషి మోడెమ్‌ని వీధి గదిలో బిగించి, అక్కడి నుంచి హాల్లోకి ఫోన్ వైరు గుమ్మానికి అడ్డంగా నేల మీద లాగి వెళ్ళిపోయాడు. చూపు లేని మనిషి తిరిగే ఇల్లు ఇది, గోడ మీదుగా వెయ్యమని అమ్మ బతిమాలితే కంప్లయింట్ పెట్టమన్నాడట. కంప్లయింట్ పెట్టాలంటే యాప్ కావాలి, యాప్‌కి ఓటీపీ కావాలి, ఓటీపీ సెల్‌కి వస్తుంది. ల్యాండ్‌లైన్ మాత్రమే ఉన్న మనిషి ఏం చెయ్యాలి? నా సెల్ నుంచి పెట్టాను. ఎవరూ రాలేదు. ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది’ అని మెసేజ్ మాత్రం వచ్చింది. మళ్ళీ పెడితే మళ్ళీ అదే. మనిషితో మాట్లాడదామంటే ఇది నొక్కు, అది నొక్కు అంటూ తిప్పి తిప్పి కట్ చేస్తుంది. అమ్మ ఆ వైరు తగిలి పడలేదు, కానీ నాన్నగారు దాన్ని రోజూ కాలితో వెతుక్కుని దాటేవారు. వేలకు వేలు బిల్లు కట్టించుకునేవాళ్ళు వయసు మళ్ళినవాళ్ళ ఇళ్ళకి ఒక్క మనిషిని పంపలేరా?

బాబాయిగారు మాట్లాడకుండా హాల్లో గోడకున్న రోజెట్ డబ్బా, అదే ఫోన్ తీగలు కలిపే చిన్న పెట్టె, విప్పారు. లోపల స్క్రూలన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ‘బీచ్‌కి ఇంత దగ్గర కదమ్మా, ఉప్పుగాలి దేన్నీ ఉంచదు’ అంటూ ఉప్పుకాగితం ముక్కతో ఒక్కో స్క్రూ, ఒక్కో తీగ కొస మెరిసేదాకా గీకారు. తరవాత వరండాలోకి వెళ్ళి వీధిలోంచి వచ్చే పాత లైనుని ఇంటి వైరింగ్ నుంచి విడదీశారు. పాత లైనులో ఎక్స్ఛేంజ్ నుంచి 48 వోల్టులు వస్తుంటాయట, ఎక్కడైనా ప్రాణం మిగిలి ఉంటే మోడెమ్ దెబ్బతింటుందట. ఆ తరవాతే మోడెమ్ వెనక ఉన్న ఫోన్ పోర్ట్ నుంచి ఒక వైరు తెచ్చి గోడలో ఎప్పటినుంచో ఉన్న తీగలకి కలిపారు. హాల్లో ఫోన్ మోగింది. నేల మీది వైరు చుట్టచుట్టి నా చేతికిచ్చారు.

రాగి లైను ఉన్నప్పుడు కరెంట్ పోయినా మామూలు ఫోన్ పనిచేసేది, ఆ 48 వోల్టులు చాలు దానికి. ఫైబర్‌కి ఆ వసతి లేదు, మోడెమ్ ఆగిందంటే ఫోనూ ఆగినట్టే. అందుకని మోడెమ్‌కీ మెషిన్‌కీ చిన్న యూపీఎస్‌లు పెట్టించారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి సెల్ సిగ్నల్స్ పోయి ఊరు మూగబోయినప్పుడు తెగిన కేబుళ్ళు అతుకుతూ తిరిగినవాళ్ళలో ఆయన కూడా ఉన్నారు. ఆ సంగతి నాన్నగారు అడిగి అడిగి చెప్పించుకుంటే తప్ప బయటికి రాలేదు.

ఇక మెషిన్. దాని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఇంట్లో పెద్దవాళ్ళున్న వాళ్ళకి పనికొస్తుంది.

ఫోన్ ఎత్తగానే మెషిన్ వినిపించే మాటలకి నాన్నగారి గొంతే రికార్డ్ చేయించారు. కంపెనీ గొంతు వినపడితే మనవాళ్ళు ఠక్కున పెట్టేస్తారు. ‘ఇంట్లో ఎవరూ లేరు’ అని ఎప్పుడూ చెప్పించకూడదట, దొంగలకి చెప్పినట్టే. అందుకే నాన్నగారు ఇలా చెప్పారు: ‘నేను ఇంట్లోనే ఉన్నాను. నెమ్మదిగా నడిచి వస్తున్నాను. పెట్టెయ్యకండి, బీప్ వినపడ్డాక మాట్లాడుతూ ఉండండి, వింటాను.’ అవతలివాళ్ళు మాట్లాడుతుంటే ఆ మాటలు స్పీకర్‌లో హాలంతా వినపడతాయి. ముఖ్యమైన ఫోన్ అయితే ఆయన వచ్చి రిసీవర్ ఎత్తుతారు, రికార్డింగ్ ఆగిపోయి మాట కలుస్తుంది. లోన్ కావాలా అనేవాళ్ళయితే కుర్చీలోంచి కదలక్కర్లేదు.

టోల్ సేవర్ అని ఒక సెట్టింగ్ ఉంది. వినని కొత్త మెసేజ్ ఉంటే మెషిన్ రెండు రింగులకే ఎత్తుతుంది, లేకపోతే నాలుగు రింగుల దాకా ఆగుతుంది. ఎస్‌టీడీ డబ్బులు మిగుల్చుకోవడానికి పెట్టిన ఏర్పాటు అది. మూడో రింగ్ వినపడిందంటే కొత్త మెసేజ్‌లు లేనట్టే, పెట్టేసుకోవచ్చు. బాబాయిగారు దాన్ని నా కోసం వాడారు. ‘నువ్వు ఆసుపత్రి నుంచి మెసేజ్ పెట్టి, కాసేపాగి మళ్ళీ చెయ్యి. మూడో రింగ్ వచ్చిందంటే నాన్నగారు లేచి మెసేజ్ విన్నారన్నమాట, బాగానే ఉన్నారన్నమాట.’ ఆ మూడో రింగ్ కోసం నేను ఎలా ఎదురుచూసేదాన్నో మాటల్లో చెప్పలేను.

అవతలివాళ్ళు పెట్టేశాక వచ్చే కూతని కూడా మెషిన్ రికార్డ్ చేసేస్తుంటే ఒక్కో మెసేజ్ నిమిషం దాటకుండా పెట్టారు, లేకపోతే మెమొరీ నిండిపోతుంది. బయటి నుంచి మెసేజ్‌లు వినే కోడ్ కొత్తది పెట్టించారు, మెషిన్‌తో వచ్చిన కోడ్ అలాగే ఉంచకూడదట. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కి చెయ్యాలంటే ముందు సున్నా కొట్టాలి కదా, నాన్నగారు కంగారులో అది మరిచిపోతున్నారని మా నంబర్లు సున్నాతో సహా ఒక్క బటన్‌కి వచ్చేలా చేశారు.

బటన్లన్నీ ఒకే సైజు, ఏది ఏదో వేలికి తెలియదు. బాబాయిగారు వంటింట్లోకి వెళ్ళి పోపుల డబ్బా అడిగారు. ఒక శనగపప్పు బద్ద తీసి, చదునుగా ఉన్న వైపు ఫెవిక్విక్ రాసి మెసేజ్ వినే బటన్ మీద అతికించారు. చెరిపేసే బటన్ మీద ఇందాకటి ఉప్పుకాగితం చిన్న ముక్క కత్తిరించి అంటించారు. నాన్నగారి చూపుడువేలు పట్టుకుని, ‘గురువుగారూ, గుండ్రంగా తగిలితే వినండి, గరుగ్గా తగిలితే పోద్ది’ అన్నారు. నాన్నగారు ఆ పప్పుబద్దని మళ్ళీ మళ్ళీ తడిమి చూసుకున్నారు. అమ్మ పడ్డ తరవాత ఆయన ముఖంలో నవ్వు చూడటం నాకు అదే మొదలు.

డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి తీసేసుకున్నారు. మజ్జిగ తాగి వెళ్ళారు. ఇంతవరకైనా జన్మంతా గుర్తుంచుకునేదాన్ని. కానీ అక్కడితో ఆగలేదాయన.

మర్నాడు సాయంత్రం అమ్మకి డ్రెస్సింగ్ మారుస్తుంటే బయట నిలబడి ఇంటికి చేసి, కోడ్ కొట్టి మెసేజ్‌లు విన్నాను. బాబాయిగారి గొంతు. ‘గురువుగారూ, నమస్కారం. బీచ్ రోడ్ నుంచి చేస్తున్నాను. ఔటర్‌లో అయిదు ఓడలు లంగరేసి ఉన్నాయి. ఒకటి బాగా కిందికి దిగి ఉంది, లోడు మీదుంది కాబోలు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద మబ్బు పట్టింది. ఇది విన్నాక గరుకు బటన్ నొక్కి తీసెయ్యండి, రేపు ఇంకోటి పెడతాను.’

నాన్నగారికి మెషిన్ అలవాటు కావాలని, రోజూ వాకింగ్‌కి వెళ్ళినప్పుడు చేసి మెసేజ్ పెడుతున్నారు ఆయన. నాన్నగారు పోర్టు మనిషని తెలుసుకుని ఓడల లెక్క చెబుతున్నారు. మేం కన్నబిడ్డలం. మందులు వేసుకున్నారా, అన్నం తిన్నారా అని అడుగుతాం. సముద్రంలో ఎన్ని ఓడలున్నాయో ఆయనకి చూపు పోయాక ఎవరు చెప్పారు? ఆసుపత్రి మెట్ల మీద కూలబడి, ఎవరు చూస్తున్నారన్నది పట్టించుకోకుండా ఏడ్చాను. నాన్నగారు ఆ మెసేజ్ తీసెయ్యలేదు. బటన్ తెలియక కాదు.

ఇప్పుడు ఫోన్ మోగితే నాన్నగారు పరుగెత్తడం లేదు. గోడ పట్టుకుని, మెల్లగా, తన గొంతు తనే వింటూ వస్తున్నారు. బాబాయిగారూ, మీరు ఇది చదవకపోవచ్చు, మీ అమ్మాయి చదివి వినిపిస్తుందని ఆశ. మా ఇంట్లో మీకు ఎప్పుడూ అన్నం ఉంటుంది. మీ ఋణం తీర్చుకోలేను.

అటక ఎక్కి మెషిన్ దించిన షాపు కుర్రాడికి థాంక్స్, అడాప్టర్‌కి డబ్బు తీసుకోలేదు. వార్డులో రాత్రి డ్యూటీ నర్సమ్మకి, నా సెల్ చార్జింగ్ అయిపోయినప్పుడల్లా తన చార్జర్ ఇచ్చింది. పగలు అప్పుడప్పుడూ తొంగి చూసిన కింద వాటా అక్కయ్యకి. మా స్కూల్లో నా క్లాసులు తీసుకున్న టీచర్లందరికీ.

అయ్యో, రక్తం ఇచ్చినవాళ్ళని మరిచిపోయాను! తమ్ముడి స్నేహితుడి ద్వారా వచ్చిన ఇద్దరు ఇంజనీరింగ్ కుర్రాళ్ళు, గాజువాక నుంచి రాత్రిపూట బండి మీద వచ్చారు. పేర్లు కూడా అడగలేదు. బాబూ, ఎవరైనా చూస్తే దయచేసి వాళ్ళకి ఇది చేరవెయ్యండి.

ఇంకా ఆటో అబ్బాయి. అమ్మ పడిన రోజు పక్కింటి వాళ్ళతో కలిసి దుప్పటిలో ఎత్తి దింపింది అతనే. మావారు ఇప్పుడే గుర్తు చేశారు. మావారికి కూడా.