తీవ్రతరమైందా, ఎవరైనా చేశారా?

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో మా వీధి గురించి నాలుగు లైన్ల వార్త వేశారు, సంతోషం. అందులో 'వర్షాలతో మురుగు సమస్య మరింత తీవ్రతరమైంది' అన్న ముక్క వినిపిస్తే మా పక్కింటి మామ్మగారు నవ్వారు. "తీవ్రతరమేంటి నాయనా, వాళ్లు కెలికి వదిలేస్తేనూ!" అన్నారు.

జరిగింది ఇదీ. పూడిక తీస్తామని మనుషులు వచ్చి, గడ్డపారలతో కాలవ మీది పలకలు లేపి, నల్లమట్టి అంతా గట్టు మీదే కుప్ప పోసి, రేపు ట్రాక్టర్ వస్తుందని చెప్పి వెళ్లిపోయారు. ట్రాక్టర్ రాలేదు, రాత్రికి వాన వచ్చింది, కుప్ప మళ్లీ కాలవలోకే జారింది, అప్పటిదాకా ఎలాగోలా పారుతున్న నీళ్లు కూడా నిలిచిపోయి మా గుమ్మాలు ఎక్కాయి. వాన తప్పు కొంత ఉంది, కాదనను. కానీ మీ వాక్యంలో వాన ఒక్కటే ఉంది, మనిషి లేడు.

'మరింత తీవ్రతరం' అనడమే తప్పనుకోండి. సంస్కృతంలో 'తర' చేరిందంటేనే మరింత అని, 'తమ' చేరితే అన్నిటికన్నా ఎక్కువ అని. అంటే మీరు మరింత మరింత తీవ్రం చేశారన్నమాట. పోనీ, అది చిన్న విషయం.

నాకు మందుల షాపు ఉంది. పొద్దస్తమానం కౌంటర్ దగ్గర వినేది ఏదో ఒకటి ఎక్కువైందనే కబురే, కానీ ఇన్నేళ్లలో ఒక్కరు కూడా తీవ్రతరమైంది అనలేదు. జ్వరం తగ్గి మళ్లీ వస్తే తిరగబెట్టింది అంటారు. దగ్గును పట్టించుకోకుండా తిరిగితే ముదిరింది. పుండు గోక్కుంటే రేగింది. ఇక డాక్టర్లు చేతులెత్తేసే దాకా వస్తే విషమించింది. ఆ ఒక్క మాటతోనే నాకు సగం సంగతి తెలిసిపోతుంది: తిరగబెట్టింది అన్నవాణ్ని మందులు పూర్తిగా వాడావా మధ్యలో ఆపేశావా అని అడుగుతాను, రేగింది అన్నవాణ్ని దాని మీద ఏం పూశావని అడుగుతాను. మొన్న ఒకాయన బొటనవేలు కమలాపండంత చేసుకుని వచ్చాడు. గోరు పక్కన చిన్న పొక్కట, బామ్మర్ది పిన్నీసు పెట్టి కెలికాడట. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఏమిటో కళ్లారా చూశాను.

ముదరడం అనే మాట చూడండి. బెండకాయ రెండు రోజులు కోయకుండా వదిలేస్తే ముదురుతుంది, దానికి ఎవరూ ఏమీ చేయక్కర్లేదు. అందుకే ఫిర్యాదు మీద ఫిర్యాదు వస్తున్నా కదలకుండా కూర్చుంటే ముదరబెట్టారు అంటాం. కెలకడం దానికి పూర్తిగా ఎదురు, దాని మానాన దాన్ని ఉండనివ్వకుండా వేలు పెట్టడం. ఎగదోయడం ఈ రెండూ కాదు, పొయ్యిలో కట్టె ముందుకు తోసినట్టు, మంట పెరగాలని తెలిసి చేసేది. రెండు వర్గాల మధ్య గొడవ 'రాజుకుంది' అని మీరు రాస్తారు, రాజేసినాయన పక్కనే ఫొటోలో దండం పెడుతూ ఉంటాడు!

మారు, మార్చు, పెరుగు, పెంచు, చెడు, చెరుచు. దానంతటది జరిగేదానికి ఒక మాట, ఒకరు చేసేదానికి ఇంకో మాట. 'చెరపకురా చెడేవు' అన్న చిన్న సామెతలో రెండూ ఉన్నాయి. చెరచడం అనే మాట ఇప్పుడు ఒక్క నేరానికే కట్టుబడిపోయింది కాబట్టి వార్తల్లో వాడటం కష్టం, సరే, చెడగొట్టారు అనొచ్చుగా. హైదరాబాద్‌లో మా అల్లుడు ఆగం చేసిండ్రు అంటాడు, ఖరాబు చేసిండ్రు అంటాడు. మా గోదావరి చుట్టాలు తగలెట్టారు అంటారు. అన్నీ పత్రికలో పడవని తెలుసు, 'వీధిని తగలెట్టారు' అని హెడ్డింగ్ పెడితే ఫైరింజన్ వచ్చేస్తుంది.

ఎవరి వల్ల జరిగిందో తేలనప్పుడు క్షీణించింది, దిగజారింది అని రాస్తే ఎవరూ తప్పు పట్టరు. పేరు వేస్తే కేసులు, టెన్షన్, అదీ అర్థం చేసుకోగలను. నేను పేర్లు అడగడం లేదు. మా వీధికి మనుషులు పట్టపగలు పదకొండింటికి వచ్చారు, 'పలకలు తీసి వదిలేశారు' అని రాస్తే సరిపోయేది, మీ నాలుగు లైన్లలో చోటు కూడా మిగిలేది. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి ఫొటో వేసి వాడుక భాష గురించి పేజీ నిండా రాస్తారు. తెల్లారి 30న చూస్తే మళ్లీ తీవ్రతరం.

పలకలు ఇంకా వేయలేదు, మూడు వారాలైంది. నిన్న సాయంత్రం ఒకావిడ స్కూటీ ముందు చక్రం ఆ సందులో దిగబడితే నలుగురం పట్టి లేపాం. మళ్లీ వార్త వేసే పనైతే ఈసారి కెలికారని రాయొద్దు, ఆ ముచ్చట అయిపోయింది. ముదరబెడుతున్నారు అని రాయండి.

ఇట్లు,
మీ పాఠకుడు, మందుల షాపు నుంచి