ఫిర్యాదు మూసేసే హక్కు ఇంట్లో ఉండేవాళ్లకే ఉండాలి

సంపాదకులు గారికి నమస్కారం.

నల్లగొండలో హైదరాబాద్ రోడ్డు పొడుగునా, ఇటు దేవరకొండ రోడ్డు వైపు, అటు మిర్యాలగూడలో కూడా అపార్ట్‌మెంట్లు వరుసగా లేస్తున్నాయి. కొన్నవాళ్లకు తాళాలతో పాటు ఇప్పుడు ఒక యాప్ కూడా చేతిలో పెడుతున్నారు. గోడ పగిలినా, బాత్రూం కారినా ఫోటో తీసి అందులో పెట్టండి, ఫిర్యాదులు రాసే రిజిస్టర్ తీసేశాం, అన్నీ ఆన్‌లైనే అంటున్నారు. యాప్ వద్దని నేను అనడం లేదు. కాగితం తీసేయడం మాత్రం తప్పు అంటున్నాను.

మా అపార్ట్‌మెంట్‌లో జరిగిందే చెప్తా. వానాకాలంలో పై అంతస్తులో పడమటి గోడకు చెమ్మ ఎక్కితే యాప్‌లో పెట్టాం. బిల్డర్ మనుషులు వచ్చి, గోడ ఆరకముందే పుట్టీ పెట్టి రంగు పూసి పోయారు, ఫిర్యాదు 'క్లోజ్డ్' అయినట్టు మెసేజ్ వచ్చింది. మళ్లీ వాన పడింది, మళ్లీ అదే మచ్చ. మళ్లీ పెడితే కొత్త నంబర్, కొత్త తేదీ వచ్చాయి, పాతది తెరుద్దామంటే తెరుచుకోదు. అంటే రికార్డు ప్రకారం ఈ గోడ నిన్న మొన్నే కారడం మొదలుపెట్టింది!

తేదీ చిన్న విషయం కాదండి. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఇల్లు అప్పగించిన రోజు నుంచి 5 ఏళ్ల లోపు నిర్మాణంలో గానీ పనితనంలో గానీ లోపం చూపిస్తే, బిల్డర్ పైసా తీసుకోకుండా 30 రోజుల్లో బాగు చేయాలి, చేయకపోతే పరిహారం ఇవ్వాలి. వినియోగదారుల కమిషన్‌కు పోవాలన్నా 2 ఏళ్ల గడువు ఉంది. ఎప్పుడు చెప్పామో రుజువు చేయలేకపోతే ఈ గడువులన్నీ మన చేతిలోంచి జారిపోతాయి. ఆ రుజువేమో బిల్డర్ యాప్‌లో, బిల్డర్ చేతిలో ఉంది. ప్రాజెక్టు అయిపోయిందని రేపు లాగిన్ ఆపేస్తే ఎవరిని అడగాలి?

పాత రిజిస్టర్ పద్ధతి గొప్పగా ఉండేదని కూడా అనను. వాచ్‌మన్ గదిలో ఒక నోటుబుక్, రాసినవాళ్లకు కాపీ ఉండదు, సైట్ ఇంజనీర్ మారితే ఆ బుక్కు ఎటు పోయిందో తెలియదు. ఫోటోకు ఉన్న బలం కాగితానికి లేదు. 203, 303, 403 మూడింట్లోనూ బాత్రూం పక్క గోడే తడుస్తోందంటే, కారేది ఆ మూడు ఇళ్లు కాదు, పై నుంచి దిగే ఒకే పైపు. రిజిస్టర్‌లో ఇది మూడు పేజీల్లో మూడు చేతిరాతల్లో విడివిడిగా ఉండిపోతుంది, యాప్‌లో ఒక్క చూపులో తెలుస్తుంది.

కానీ ఫోటోలో పడనివి కూడా ఉన్నాయి. టైల్ కింద డొల్లగా ఉందో లేదో తట్టి వినాలి, బాత్రూం వాలు సరిగా ఉందో లేదో బకెట్ నీళ్లు పోసి చూడాలి. ఇల్లు అప్పగించే రోజు ప్లాన్ కాగితం చేతిలో పట్టుకుని, ఇంజనీర్‌తో కలిసి గది గదీ తిరిగి పెన్సిల్‌తో గుర్తులు పెట్టి ఇద్దరూ సంతకం చేస్తే ఇవన్నీ దొరుకుతాయి. ఇంకో సంగతి, మన ఊళ్లల్లో చాలా ఫ్లాట్లు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న కొడుకు పేరు మీద ఉంటాయి, ఓటీపీ ఆయన ఫోన్‌కు పోతుంది, చెమ్మ గోడ పక్కన పడుకునేది అమ్మానాన్నలు. వాళ్లు ఎట్లా చెప్పుకోవాలి?

ప్రభుత్వ ఇళ్ల సంగతి కూడా ఆలోచించాలి. ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు నాలుగు విడతల్లో ఇస్తున్నారు, ప్రతి దశలో ఫోటో యాప్‌లో ఎక్కితేనే బిల్లు పడుతుంది. బాగానే ఉంది. కానీ స్లాబ్ పడిందని ఫోటో చెప్తుంది, ఆ స్లాబ్ వానకు కారుతోందని చెప్పదు. డబుల్ బెడ్‌రూం ఇళ్లల్లో ఉండేవాళ్లకైతే ఏ లోపం ఎవరికి, ఎక్కడ రాసివ్వాలో కూడా తెలియదు.

రెరా అధికారులను, పురపాలక శాఖను నేను కోరేది ఇంతే. యాప్ ఉండనివ్వండి, కానీ ఇంట్లో ఉండేవాళ్లు ఒప్పుకుంటే తప్ప ఫిర్యాదు మూతపడకూడదు, తిరగబెడితే పాత నంబర్, పాత తేదీతోనే మళ్లీ తెరుచుకోవాలి. దానితో పాటు ప్రతి ఫిర్యాదుకూ సంతకం, తేదీ ఉన్న ఒక కాగితం మన దగ్గర ఉండాలి. 500 చదరపు మీటర్ల లోపు జాగాలో కట్టినవి గానీ, 8 ఫ్లాట్లకు మించనివి గానీ రెరా రిజిస్ట్రేషన్ కిందికి రావు. మన పట్టణాల్లో అట్లాంటి చిన్న బిల్డింగులే ఎక్కువ కనిపిస్తాయి కాబట్టి, బిల్డింగులో ఉండొచ్చని మున్సిపాలిటీ ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడే సంతకాలున్న లోపాల జాబితా అడిగితే వాటిల్లో ఉండేవాళ్లకూ రక్షణ దొరుకుతుంది.

ఇట్లు,
ఒక ఫ్లాట్ యజమాని, నల్లగొండ