డబ్బాలు తగ్గిస్తే మోత తగ్గదు

సంపాదకులు గారికి నమస్కారం.

బతుకమ్మ పండుగ దగ్గర పడుతున్న వేళ మీ పేజీలో ఒక అక్క రాసిన ఉత్తరం చదివాను. మైదానాల్లో మైకుల మోత భరించలేకపోతున్నామని, ఒక్కో చోట రెండు స్పీకర్లకు మించి పెట్టనివ్వకూడదని ఆమె కోరారు. ఆమె బాధ నిజమే. కానీ ఆమె అడిగినట్టు చేస్తే మోత ఇంకా పెరుగుతుంది. నేను పరకాలలో మైకు సెట్టు నడుపుకునేవాణ్ణి. డబ్బాలు కిరాయికి ఇచ్చేవాడు ఎక్కువ డబ్బాలు పెట్టమనక ఏమంటాడని మీకు అనిపించవచ్చు. అనిపించనీయండి, లెక్క మాత్రం ఒకసారి చూడండి.

ఆరుబయట స్పీకర్ నుంచి దూరం రెట్టింపయిన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. అంటే 5 మీటర్ల దగ్గర ఉన్న మోత 10, 20 దాటి 40 మీటర్లకు చేరేసరికి 18 డెసిబెల్స్ తగ్గుతుంది. స్టేజీ పక్కన రెండే పెద్ద బాక్సులు పెట్టారనుకోండి. నలభై మీటర్ల అవతల ఆడుతున్నవాళ్లకు ఆ గోలలో పాట అందాలంటే అక్కడ 80 డెసిబెల్స్ అయినా ఉండాలి. అప్పుడు ముందు వరసలో కుర్చీ వేసుకుని కూర్చున్న ముసలమ్మ చెవికి తగిలేది 98. అదే మైదానం చుట్టూ చిన్న స్పీకర్లు సర్ది, ఒక్కోదానికి పది మీటర్ల మేర మాత్రమే అప్పజెప్పితే 10 మీటర్ల దగ్గర 80, 5 మీటర్ల దగ్గర 86 దగ్గర ఆగుతుంది. పైగా వాటి మూతులు లోపలికి, కొంచెం కిందికి వంచి కట్టొచ్చు. అప్పుడు గోడ అవతల కాలనీకి పోయే మోత చాలా తగ్గుతుంది. రెండు పెద్ద బాక్సులకు ఆ వీలు లేదు. చివరి వరసకు వినిపించాలంటే కాలనీకి కూడా వినిపించి తీరాల్సిందే.

పండుగ నిర్వహించే తమ్ముళ్లకు ఇది చెప్తే నవ్వుతారు. "అన్నా, సౌండ్ గుండెలకు తగలాలె, పక్క వాడోళ్లకంటె ఎక్కువ రావాలె" అంటారు. 500 వాట్ల ఆంప్లిఫయర్ తీసేసి 1000 వాట్లది పెడితే శబ్దం రెట్టింపవుతుందని వాళ్ల నమ్మకం. వాట్లు రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెల్సే. కిరాయి రెట్టింపు ఇచ్చి, చెవికి కాస్త తేడా తెలిసేంత కొనుక్కుంటున్నారన్నమాట. నాకు గిరాకీయే కదా అని ఊరుకోవచ్చు గానీ, నోటితో పాడుకునే ఉయ్యాల పాటలకు చప్పట్లు కూడా వినపడకుండా చేసే సెట్టును నా చేతుల మీదుగా పెట్టబుద్ధి కాదు.

ఎక్కువ స్పీకర్లు పెట్టడం మంచిదే, సరిగ్గా పంచడం తెలిస్తే. చాలామంది ఇక్కడే గందరగోళపడతారు. మైకులను, పాటలను ఒక్కచోట కలిపే మిక్సర్ నుంచి వచ్చే సిగ్నల్‌ను ఆంప్‌లకు, అంటే ఆంప్లిఫయర్లకు, పంచడం సులువు. మిక్సర్ అవుట్‌పుట్‌లో ఉండే నిరోధం, అంటే కరెంటుకు ఉండే అడ్డు, ఒకటి రెండు వందల ఓమ్‌లు. ఆంప్ ఇన్‌పుట్‌ది 10 వేల నుంచి 20 వేల ఓమ్‌లు. 20 వేలవి నాలుగు ఆంప్‌లు ఒకే అవుట్‌పుట్‌కు తగిలించినా మొత్తం 5 వేల ఓమ్‌లు. మిక్సర్‌కు అది భారమే కాదు. అందుకే ఒక ఆంప్ వెనక నుంచి ఇంకోదానికి, దాని వెనక నుంచి మరోదానికి లింకు వేసుకుంటూ పోతాం. దీన్నే తిరగేసి, రెండు ఫోన్‌ల అవుట్‌పుట్‌లను ఒకే వైరుకు కలిపి ఒక ఆంప్‌లోకి పంపే పోరగాళ్లు ఉన్నారు. అది చేయకూడదు. ఒకదాని అవుట్‌పుట్ ఇంకోదాన్ని లాగుతుంది, పాట సన్నగిల్లుతుంది, ఒక్కోసారి లోపలి భాగాలు దెబ్బతింటాయి. పంచడానికి వైరు చాలు, కలపడానికి మిక్సర్ కావాలి.

ఆంప్ దాటాక సంగతి వేరు. 8 ఓమ్‌ల బాక్సు ఒకటి ఉన్నచోట రెండోది పక్కన కలిపితే 4 ఓమ్‌లు, నాలుగు కలిపితే 2 ఓమ్‌లు. ఓమ్‌లు తగ్గేకొద్దీ ఆంప్ మీద భారం పెరుగుతుంది. 4 ఓమ్‌లకన్నా తగ్గితే తట్టుకోలేని ఆంప్ అప్పుడు వేడెక్కి, ఫ్యాన్ అరిచి, ప్రొటెక్షన్‌లోకి పోతుంది, అంటే తనంతట తానే ఆగిపోతుంది. ప్రొటెక్షన్ లేనిదైతే ట్రాన్సిస్టర్లు పోతాయి. "ఇంకొకటే కదా, తగిలియ్యరాదు" అనే మాటకు ఎన్ని ఆంప్‌లు బలయ్యాయో హనుమకొండ రిపేరు షాపుల్లో అడిగితే తెలుస్తుంది.

ఇక ఊళ్లలో పంచాయతీ మైకులు. ఇవి బతుకమ్మ మైకులకంటే ముఖ్యం, పట్టించుకునేవాళ్లు మాత్రం తక్కువ. మిషన్ భగీరథ తాగునీళ్లు ఏ పూట రావో, వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌లో కాంటా ఎప్పుడు పెడతారో, పశువులకు టీకాలు ఎక్కడ వేస్తారో, ఎవరు కాలం చేశారో, అన్నీ కారోబార్ (పంచాయతీ గుమస్తా) ఆ మైకులోనే చెప్పాలి. బూరలు (హార్న్ స్పీకర్లు) మాత్రం ఆఫీసు నుంచి రెండు మూడు వందల మీటర్ల దూరంలో స్తంభాల మీద ఉంటాయి. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరు 200 మీటర్లు లాగితే, పోను రాను 400 మీటర్లు, దాని నిరోధమే దాదాపు 7 ఓమ్‌లు. 8 ఓమ్‌ల బూరకు 7 ఓమ్‌ల వైరు! ఆంప్ ఇచ్చేదాంట్లో దాదాపు సగం వైరును వేడి చేయడానికే పోతుంది. చాలా ఊళ్లలో టెండర్‌కు వచ్చేది ఇంకా సన్నటి వైరు.

దీనికి మందు ఎప్పటి నుంచో ఉంది. దాని పేరు 100 వోల్ట్ లైన్. కరెంటోళ్లు ఊరి దాకా 11 వేల వోల్టులతో తెచ్చి, ఇళ్ల దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి తగ్గిస్తారు కదా, ఇదీ ఆ పద్ధతే. అహూజా లాంటి కంపెనీల పీఏ ఆంప్‌ల వెనక 4, 8 ఓమ్‌ల స్క్రూల పక్కనే 100 వోల్ట్ అని ఇంకో స్క్రూ ఉంటుంది. లైను అక్కడి నుంచి బయల్దేరుతుంది, ప్రతి బూర దగ్గర ఒక చిన్న లైన్ మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. 15 వాట్ల బూర ఆ లైనుకు 667 ఓమ్‌లుగా కనిపిస్తుంది. ఆ ముందు వైరులోని 7 ఓమ్‌లు ఎంత? ఇక్కడ ఓమ్‌ల తలనొప్పి కూడా లేదు. వాట్లు కూడుకుంటే చాలు. 100 వాట్ల ఆంప్‌కు 15 వాట్లవి ఆరు బూరలు, మొత్తం 90. ఏడోది పెట్టాలంటే పెద్ద ఆంప్ కొనాలి, లేదా అన్ని బూరల ట్రాన్స్‌ఫార్మర్లను 10 వాట్లకు మార్చాలి.

ఒక ఊళ్లో కొత్త కాలనీ వాళ్లకు వినపడట్లేదని ఒకాయన సొంత డబ్బుతో ఏడో బూర తెచ్చాడు. ఉద్దేశం మంచిదే. కానీ అది ట్రాన్స్‌ఫార్మర్ లేని 8 ఓమ్‌ల బూర. స్తంభమెక్కిన పిల్లగాడు దాన్ని నేరుగా 100 వోల్ట్ లైనుకు చుట్టేశాడు. లెక్క కట్టండి: 100 వోల్టుల దగ్గర 8 ఓమ్‌లంటే 1250 వాట్లు అడిగినట్టు. ఉన్న ఆంప్ 100 వాట్లది. కారోబార్ "గ్రామ ప్రజలకు" అనగానే కొత్త బూర యూనిట్ కాలింది, ఆంప్ కూడా పోయింది. అది వడ్ల కాంటాల సీజన్. ఆంప్ బాగయ్యి వచ్చేదాకా కారోబార్ బండి మీద వాడవాడా తిరిగి చెప్పుకున్నాడు.

బూరల దిక్కు కూడా ఎవరూ చూడరు. శబ్దం సెకనుకు సుమారు 345 మీటర్లు పోతుంది. రెండు బూరలు ఎదురెదురుగా ఉండి, ఒకటి మీకు 100 మీటర్లు ఎక్కువ దూరంలో ఉంటే దాని మాట దాదాపు 0.3 సెకన్లు ఆలస్యంగా వస్తుంది. ఒక మాట వినేలోపు వెనకటి మాట దాని మీద పడుతుంది. చెప్పేవాళ్లు గబగబా చెప్తే ఇంక ఏమీ అర్థం కాదు. ఊరి నడుమ నుంచి బయటికి, వీపులు ఒకదానికొకటి ఆనేటట్టు బూరలు తిప్పితే సగం సమస్య అక్కడే పోతుంది. మిగతా సగానికి కారోబార్లు రెండు మాటలకొకసారి ఆగితే చాలు. మేడారం జాతరలో తప్పిపోయిన పిల్లల పేర్లు చెప్పేటప్పుడు నిదానంగా, రెండుసార్లు ఎందుకు చెప్తారో ఆలోచించండి. అక్కడ మైకుకు ఉన్న పని ఒక్క పేరు తల్లి చెవిన పడేలా చేయడం.

మైదానాల్లో ఈ ఆలస్యాన్ని యంత్రంతో సర్దొచ్చు. ఇప్పటి డిజిటల్ మిక్సర్లలో డిలే ఉంటుంది. స్టేజీ నుంచి 34 మీటర్ల దూరంలోని స్పీకర్‌కు సుమారు 100 మిల్లీసెకన్లు ఆలస్యం పెడితే రెండు శబ్దాలు కలిసి వస్తాయి. ఇంకో పది పెంచితే పాట స్టేజీ మీద నుంచే వస్తున్నట్టు ఉంటుంది, పక్కన స్పీకర్ ఉందని కూడా తెలియదు. హనుమకొండ పద్మాక్షి గుట్ట లాంటి చోట్ల బాక్సులను బండ వైపు తిప్పకపోవడం కూడా అంతే ముఖ్యం. గుట్టకు తగిలి తిరిగొచ్చే పాటను ఏ మిక్సరూ ఆపలేదు.

నేను అసలు ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నది మాత్రం ఇప్పుడు చెప్పబోయే దాని గురించి. ఎక్కువ ఆంప్‌లు పెట్టినప్పుడు ఒకటి జనరేటర్ మీద, ఇంకోటి గుడి మీటర్ మీద నడుస్తుంటాయి. రెండు చోట్ల ఎర్త్‌లు ఒకేలా ఉండవు. ఆ తేడా వల్ల కరెంటు సిగ్నల్ వైరు షీల్డ్ (తీగల చుట్టూ ఉండే లోహపు తొడుగు) గుండా పారి, స్పీకర్లలో గుయ్యిమనే మోత మొదలవుతుంది. అప్పుడు కుర్రాళ్లు చేసే పని, త్రీపిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం. గుయ్యి ఆగిపోతుంది, పని వచ్చినోడని పేరు కూడా వస్తుంది. ఆ తర్వాత ఆంప్‌లో ఎక్కడైనా లీకేజీ అయితే ఆ కరెంటు పోవడానికి ఎర్త్ లేదు, మైకు పట్టుకున్న మనిషి ఉంది. బతుకమ్మ ఆడేది చెరువు గట్ల మీద, తడిసిన నేల మీద, చెప్పులు లేకుండా. చేతిలో ఉన్నది ఇనుప మైకు. ఇంతకన్నా నేను చెప్పక్కర్లేదు.

గుయ్యిమనే మోతకు సరైన మందు సిగ్నల్ దారిలో పెట్టే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్. పాట అటునుంచి ఇటు దాటుతుంది, రెండు ఎర్త్‌లు మాత్రం కలవవు. అరచేతిలో పట్టే డబ్బా, బేస్ బాక్సు ధరలో పిసరంత. దూరపు ఆంప్‌లకు మూడు తీగల బ్యాలెన్స్‌డ్ కేబుల్ వేయాలి. అందులో రెండు తీగలు ఒకే పాటను ఎదురుబొదురుగా మోస్తాయి. దారిలో దూరిన రొద రెండింటిలో ఒకేలా ఉంటుంది కాబట్టి ఆంప్ ఒకదాని నుంచి ఇంకోటి తీసేసినప్పుడు రొద పోయి పాట మిగులుతుంది. ఇవేమీ కుదరకపోతే అన్ని ఆంప్‌లకూ ఒకే చోటి నుంచి కరెంటు లాగండి. మా బాపు సైకిల్ మీద ఆంప్, భుజాన బూర వేసుకుని బ్యాటరీతో మైకు నడిపిన రోజుల్లో ఈ తంటా లేదు. ఒకటే ఆంప్, ఒకటే బ్యాటరీ.

నియమాల సంగతి కూడా చెప్పాలి. 2000లో కేంద్రం తెచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట మైకు పెట్టకూడదు. పండుగలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించవచ్చు. మైకు పెట్టిన బహిరంగ స్థలం హద్దు దగ్గర మోత 75 డెసిబెల్స్ గానీ, అక్కడ మామూలుగా ఉండే శబ్దానికి 10 ఎక్కువ గానీ, ఏది తక్కువైతే దాన్ని దాటకూడదు. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల మేర రాష్ట్ర ప్రభుత్వం నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అంటే కొలవాల్సింది హద్దు దగ్గర. డబ్బాలు లెక్కపెడితే వచ్చేదేమీ లేదు.

కాబట్టి ఆ అక్కకు, పోలీసు వారికి, కార్పొరేషన్ వారికి నా విన్నపం ఒక్కటే. మైకు పర్మిషన్‌కు వచ్చినవాళ్లను స్పీకర్లు ఎక్కడెక్కడ, ఏ దిక్కుకు పెడుతున్నారో ఒక కాగితం మీద గీసి ఇమ్మనండి. పండుగ ముందు రోజు ఎలక్ట్రీషియన్ వచ్చి ప్లగ్గులు చూసి, ఎర్త్ పిన్ను లేనిది ఒక్కటి కనిపించినా ఆ సెట్టు ఆపేయాలి, అది నాదైనా సరే. పంచాయతీలు టెండర్ రాసేటప్పుడు "బూరలు పది" అని ఊరుకోకుండా ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని వాట్లు, ఆంప్ ఎన్ని వాట్లు, వైరు మందం ఎంత అన్నది కూడా రాయాలి. చుట్టుపక్కల మండలాల కారోబార్లు ఎవరైనా వాళ్ల ఊరి బూరల లెక్క తెస్తే చూసి పెడతాను. పరకాలలో మైకు సెట్టు ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు. దానికి పైసలు అక్కర్లేదు.

ఇట్లు,
ఒక మైకు సెట్టు యజమాని,
పరకాల, హనుమకొండ జిల్లా