రీడింగ్ రూమ్ పదింటిదాకా, హాస్టల్ గేటు ఆరున్నరకే

ఎడిటర్ గారికి నమస్కారం.

డిగ్రీ, పీజీ చదివే అమ్మాయిలకి మార్కులు ఎందుకు తగ్గుతున్నాయని ఏదో సెమినార్ జరిగిందని మీ గుంటూరు పేజీలో వేశారు కదండీ, అప్పుడే రాద్దామనుకున్నా, ఆవకాయ పనిలో పడి ఇన్నాళ్లయింది. పెద్దలందరూ కూర్చుని తేల్చిందేంటయ్యా అంటే, సెల్‌ఫోను, రీల్సు. ఫొటోలో స్టేజీ మీద తొమ్మిదిమంది, తొమ్మిదిమందీ మగాళ్లే.

మా అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, హాస్టల్లో ఉంటుంది. కాలేజీ పేరు రాయను, రాస్తే దాని ఇంటర్నల్ మార్కుల గతేంటి. అక్కడ రీడింగ్ రూమ్ రాత్రి పదింటిదాకా తీసే ఉంటుంది, ఏసీ కూడా పెట్టించారు, బానే ఉంది. అమ్మాయిల హాస్టల్ గేటుకి మాత్రం ఆరున్నరకే తాళం. ల్యాబ్ వదిలేసరికే ఐదున్నర, ఇంక చదివేదెప్పుడు? మొన్న నేను వెళ్లినప్పుడు కళ్లారా చూశా, ఆరూ ఇరవైకి పిల్లలు రికార్డులు చంకన పెట్టుకుని పరుగో పరుగు, ఒకమ్మాయికి చెప్పు తెగితే చేత్తో పట్టుకుని పరిగెత్తింది, వాచ్‌మన్ తాళం ఆడిస్తూ నిలబడ్డాడు. లోపల రూముకి నలుగురు, ఒకటే ట్యూబ్‌లైటు, ఒకళ్లకి నిద్రొస్తే మిగతా ముగ్గురూ మెట్ల మీద. ఆ ఏసీలో అబ్బాయిలే కూర్చోవాలి.

అడిగితే 'మీ పిల్లల సేఫ్టీ కోసమేనమ్మా' అన్నారు వార్డెన్ గారు. సేఫ్టీ పేరు చెప్పి హాస్టళ్లలో అమ్మాయిలకో రూలు అబ్బాయిలకో రూలు పెట్టకూడదని యూనివర్సిటీలు, కాలేజీల మీద అజమాయిషీ చేసే యూజీసీ 2016లో తెచ్చిన రెగ్యులేషన్స్‌లోనే ఉందండి. ఆ కాగితం విజయవాడ దగ్గర కృష్ణ వారధి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయినట్టుంది, ఇంకా మావైపుకి రాలా.

ఇళ్ల నుంచి వెళ్లేవాళ్లదీ అంతే. మా పక్కింటి పిల్ల అంట్లు తోమి, తమ్ముడికి బాక్స్ కట్టి బస్సుకి పరిగెత్తాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి టికెట్ లేదు, సంతోషం, కాదనను, కానీ నిండిపోయిన బస్సు ఆపకుండా పోతే ఫ్రీ అయి ఏం లాభం? సరిగ్గా సెమిస్టర్ ముందు పెళ్లిచూపులొకటి (మా ఆడపడుచూ ఇదే పని చేసింది, ఇది చదివితే నాతో మాట్లాడదు). ఫీజు రీయింబర్స్‌మెంట్ పడలేదని హాల్‌టికెట్ ఆపేది ఇంకోవైపు. కాలేజీలకి గ్రేడ్లిచ్చే నాక్ టీమ్ వస్తుందంటే మాత్రం రాత్రికి రాత్రి పూలకుండీలు, బాత్‌రూముల్లో కొత్త బకెట్లు, వాళ్ల కారు గేటు దాటాక అవన్నీ ఎటుపోతాయో ఆ దుర్గమ్మకే తెలియాలి.

ఇన్ని ఉన్నా కూడా, కాలేజీల్లో చేరే శాతం 2021-22 కేంద్రం సర్వేలో అమ్మాయిలది 28.5, అబ్బాయిలది 28.3. అప్పుడు లేవా ఫోన్లు? అసలు నోట్సు, పీడీఎఫ్‌లు అన్నీ లెక్చరర్లు వాట్సాప్ గ్రూపులోనేగా పెట్టేది, గేటు పడ్డాక వాళ్ల లైబ్రరీ ఆ ఫోనేనండి బాబూ!

ఆ సెమినార్ ఎన్నింటికి అయిందో మీరు రాయలేదు. ఆరున్నర దాటాక పెట్టుంటే మాత్రం హాస్టల్ అమ్మాయి ఒక్కతీ విని ఉండదు.

ఒక తల్లి,
అరండల్‌పేట, గుంటూరు