పాత వాల్వు రేడియోను నేరుగా ప్లగ్గులో పెట్టవద్దు

సంపాదకులకు నమస్కారం.

మా కావలి చుట్టుపక్కల పాత మిద్దెలు పడగొట్టి కొత్త ఇళ్లు కట్టుకునేటప్పుడు అటకల మీది వాల్వు రేడియోలు (ట్రాన్సిస్టర్లు రాకముందు, వేడెక్కే గాజు గొట్టాలతో పనిచేసినవి) బయటపడుతున్నాయి. కొందరు వాటిని పాత సామాన్ల బండికి వేసేస్తున్నారు. మరికొందరు లోపలి భాగాలన్నీ పెరికేసి, ఆ చెక్కపెట్టెలో బ్లూటూత్ స్పీకరు బిగించుకుంటున్నారు. పలుకుతుందేమో చూద్దామని ఉన్నపళంగా కరెంటుకు తగిలించి కాల్చుకునేవారూ ఉన్నారు. ఈ చివరి తప్పు నేనే చేశాను కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందట మా మామగారింటి రేడియోను తెచ్చి, దుమ్ము దులిపి, ప్లగ్గులో పెట్టాను. డయలు బల్బులు వెలిగాయి, స్పీకరులోంచి గుయ్‌మని మోత వచ్చింది. ఆ సంబరంలో దాన్ని అలాగే వదిలేశాను. కాసేపటికి ట్రాన్స్‌ఫార్మరు నుంచి పొగ లేచింది. దానికి సరిపోయే ట్రాన్స్‌ఫార్మరు మళ్లీ నాకు దొరకలేదు.

అందుకే మా నాన్నగారి షార్ట్‌వేవ్ రేడియో జోలికి వెళ్లినప్పుడు ముందుగా వెనుక అట్ట విప్పి, చాసిస్‌ను, అంటే భాగాలన్నీ బిగించిన లోహపు చట్రాన్ని, బయటికి తీశాను. పెట్టె అడుగున పోస్టాఫీసు ముద్రలు పడిన రేడియో లైసెన్సు పుస్తకం దొరికింది. ఆ రోజుల్లో ఇంట్లో రేడియో ఉంచుకోవాలంటే ఏటా పోస్టాఫీసులో రుసుము కట్టవలసి వచ్చేదని నేటి పిల్లలకు చెప్పినా నమ్మరు. చాసిస్ అడుగున చూస్తే, ఇన్నేళ్ల ఎండలకు కండెన్సర్ల (విద్యుత్తును నిలవ ఉంచే భాగాల) మీది నల్లటి తారు పూత పగుళ్లిచ్చి ఉంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ముందు వాల్వు నుంచి చివరి వాల్వుకు శబ్దాన్ని అందించే చిన్న కండెన్సరు ఒకటి ఉంటుంది. అది ఒకవైపున్న పెద్ద వోల్టేజిని ఆపి, శబ్దాన్ని మాత్రమే దాటనివ్వాలి. పాతబడి లీకైతే చివరి వాల్వులో కరెంటును అదుపుచేసే గ్రిడ్‌కు పాజిటివ్ వోల్టేజి చేరి, వాల్వు మితిమీరి కరెంటు లాగుతుంది, ఆ భారం ట్రాన్స్‌ఫార్మరు మీద పడుతుంది. మా రేడియోలో సున్నా దగ్గర ఉండవలసిన ఆ గ్రిడ్ మీద మల్టీమీటరు ఎనిమిది వోల్టులు చూపింది. ఆ కండెన్సరు తీసి, అదే విలువ గల 630 వోల్టుల పాలియెస్టర్ కండెన్సరు టంకం పెట్టగానే ముల్లు సున్నాకు వాలింది. ఒక టీ ఖరీదుకు మించని వస్తువు అది. ముందు చెప్పిన గుయ్‌మనే మోతకు కారణం సాధారణంగా కరెంటును సాఫీచేసే ఫిల్టర్ కండెన్సర్లు ఎండిపోవడమే, వాటినీ మార్చవలసిందే.

తొలిసారి కరెంటు ఇచ్చేటప్పుడు 60 వాట్ల ఫిలమెంటు బల్బును సీరీస్‌లో, అంటే రేడియోకు వెళ్లే కరెంటు దాని గుండానే వెళ్లేలా, పెట్టాలి. ఎల్‌ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే పరవాలేదు. ప్రకాశవంతంగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉన్నట్టు, వెంటనే ఆపేయాలి. వెనుక వోల్టేజి సెలెక్టరు ఉన్న సెట్లలో దాన్ని 240 లేదా 245 మీద ఉంచడం మేలు. స్విచ్ ఆపిన తరువాత కూడా ఫిల్టర్ కండెన్సర్లలో రెండు వందల వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు కనుక, రెసిస్టెన్సు ద్వారా వాటిని ఖాళీ చేయకుండా లోపల చేయి పెట్టకూడదు. ఇక ట్రాన్స్‌ఫార్మరు లేని ఏసీ-డీసీ సెట్లలో, అంటే యూఎల్84, యూవై85 వంటి 'యూ'తో మొదలయ్యే వాల్వులున్న వాటిలో, చాసిస్‌కే ఫేజు తగిలి ఉండవచ్చు. అవి అనుభవం లేనివారు ముట్టవలసినవి కావు.

తుమ్మలపెంట సముద్రతీరం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి మా రేడియోలో మీడియంవేవ్, షార్ట్‌వేవ్ మార్చే బ్యాండు స్విచ్ నల్లబడిపోయింది. దాన్ని ఉప్పుకాగితంతో గీకితే వెండిపూత పోతుంది. కాంటాక్ట్ క్లీనరు చాలు. ఐ.ఎఫ్. (మధ్యస్థ ఫ్రీక్వెన్సీ) కాయిల్స్‌లోని మరలు వదులయ్యాయనుకుని బిగించేవారూ ఉన్నారు. అవి వదులైన మరలు కావు, సుమారు 455 కిలోహెర్ట్జ్‌కు కుదిర్చిన కోర్లు. ఒకసారి తిప్పితే పరీక్ష సిగ్నల్ ఇచ్చే సిగ్నల్ జనరేటరు లేకుండా మళ్లీ కుదరడం చాలా కష్టం.

బీబీసీ హిందీ 2020 జనవరి 31తో షార్ట్‌వేవ్‌లో ఆగిపోయింది. నాన్నగారు వినే స్టేషన్లు చాలావరకు ఇప్పుడు లేవు. అయినా చీకటి పడ్డాక, గరగర రాకుండా ఇంట్లో ఎల్‌ఈడీ దీపాలు, ఇన్వర్టరు ఆపి, మిద్దె మీది ఏరియల్ తీగ తగిలిస్తే, షార్ట్‌వేవ్ 31 మీటర్ల బ్యాండులోనూ 25 మీటర్ల బ్యాండులోనూ దూరదేశాల గొంతులు నేటికీ వినిపిస్తున్నాయి.

బ్లూటూత్ కోసం రేడియోను పెరికేయాలనుకునేవారికి ఒక మాట. ట్రాన్స్‌ఫార్మరు ఉన్న పాత సెట్లలో చాలావాటికి వెనుక గ్రామఫోను పికప్ సాకెట్టు ఉంటుంది. ఫోను నుంచి ఒక తీగను అందులో పెడితే, ఒక్క భాగమూ కోయకుండా, ఫోనులోని పాటలు ఆ వాల్వుల మీదుగానే ఆ పాత స్పీకరులో పలుకుతాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కావలి, నెల్లూరు జిల్లా