ఆ చుక్కలు ఎంతసేపు కనబడ్డాయో అడగమనండి

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా అమ్మాయికి పద్నాలుగో ఏట ఎడమవైపు రంగు చుక్కలు కనబడటం మొదలైంది. ఎర్రవి, పచ్చవి. "గోలీలు తిరిగినట్టుందమ్మా" అనేది. నిమిషంలో పోయేవి. ఆ వెంటనే తల పగిలిపోయే నొప్పి, వాంతులు. చూపించిన చోటల్లా పార్శ్వనొప్పి, అంటే మైగ్రేన్ అన్నారు. నాకూ ఉంది కదా, నా పోలికే అనుకుని రెండేళ్లు నొప్పి మాత్రలే మింగించాను. ఒకరోజు పెళ్లింట్లో విస్తరి ముందు కూర్చున్న పిల్ల పక్కకు ఒరిగి ఫిట్స్‌తో కొట్టుకుంది. ఎవరో పరుగున వచ్చి చేతిలో తాళాల గుత్తి పెట్టారు, దానివల్ల ఒరిగేదేమీ లేకపోయినా.

నరాల డాక్టరు మొదట అడిగింది ఒక్కటే: ఆ చుక్కలు ఎంతసేపు ఉంటాయి? మైగ్రేన్ మెరుపులు మామూలుగా వంకర గీతల్లా మొదలై, ఐదు నిమిషాల నుంచి గంట దాకా మెల్లగా పాకుతాయట. మెదడు వెనుక భాగంలో పుట్టే ఫిట్స్‌లో రంగు చుక్కలు సెకన్లలో వచ్చి, ఎక్కువగా రెండు మూడు నిమిషాల్లోపే పోతాయి. తర్వాత తలనొప్పి మాత్రం రెండింటిలోనూ రావచ్చు. మేం పొరబడింది అక్కడే. పైగా మూర్ఛ ఉన్నవాళ్లలో మైగ్రేన్ కూడా మిగతావాళ్లకంటే ఎక్కువ. గవర్స్ అనే ఇంగ్లండ్ డాక్టరు 1907లోనే ఈ రెంటి సరిహద్దు గురించి రాశారు. మా ఊరి పీహెచ్‌సీ దాకా ఆ సంగతి ఇంకా రాలేదు.

ఇంకోటి. మా పిల్లకు మొదట రాసింది వాల్‌ప్రోయేట్. ఫిట్స్‌కూ, మైగ్రేన్ రాకుండానూ కూడా వాడతారు. గర్భంతో ఉన్నప్పుడు వేసుకుంటే పదిమంది బిడ్డల్లో ఒకరికి పుట్టుకతో లోపాలు, ముగ్గురు నలుగురికి ఎదుగుదల సమస్యలు రావచ్చు. ఇది మాకెవరూ చెప్పలేదు. మందు పెట్టెలోని కాగితం ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. అలాగని భయపడి సొంతంగా మానేస్తే ఫిట్స్ ముదురుతాయి, అదీ చెప్పాలి.

నేను స్కానింగ్ మిషన్లు అడగడం లేదు. తలనొప్పి అని వచ్చినవాళ్లను చుక్కల సంగతీ, ఫిట్స్ ఉన్నవాళ్లను తలనొప్పి సంగతీ అడిగేలా ఓపీ చీటీ మీద రెండు లైన్లు వేయించండి. వాల్‌ప్రోయేట్ ఇచ్చే ప్రతి ఆడపిల్ల చేతిలో ఒక తెలుగు కాగితం పెట్టించండి.

మా అమ్మాయికి మందు మార్చారు. ఇప్పుడు డిగ్రీ రెండో ఏడు. చుక్కలు కనబడితే ముందు గోడ గడియారం వంక చూస్తుంది.

ఇట్లు,
ఒక తల్లి