ఉర్బీనోలో అమ్మ బ్యాగు దొరికింది, ఆ ముగ్గురికీ థాంక్స్

గత ఆదివారం ఇటలీలోని ఉర్బీనోలో మమ్మల్ని గట్టెక్కించిన ముగ్గురికి థాంక్స్ చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. వాళ్లలో ఇద్దరికి తెలుగు రాదు, ఇది చదివే అవకాశమే లేదు, అయినా రాయకపోతే మనసొప్పడం లేదు.

అమ్మానాన్న రాజమండ్రి నుంచి మ్యూనిక్‌లో నా దగ్గరికి వచ్చి రెండు నెలలైంది. నాన్న రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు. చిత్రకారుడు రఫేల్ 1483లో పుట్టింది ఉర్బీనోలోనే కాబట్టి, తిరిగి వెళ్లేలోగా ఆ ఊరు చూడాలని ఆయన పట్టు. అక్కడికి రైలు లేదు. ఒకప్పుడు ఫానో నుంచి ఉండేదట, 1987లో మూసేశారు. ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున పేసరోలో రైలు దిగి, బస్సెక్కి కొండల్లోకి ఓ ముప్పై అయిదు కిలోమీటర్లు వెళ్లాలి. మెలికల దారి. అమ్మకి కడుపులో తిప్పేసింది, దిగగానే నేను ఆవిణ్ణి గట్టు మీద కూర్చోబెట్టి నీళ్లు పట్టిస్తున్నాను, నాన్నేమో తలెత్తి కోట ఇటుకలు చూస్తూ నిలబడిపోయారు, ఇంతలో బస్సు వెళ్లిపోయింది. అమ్మ హ్యాండ్‌బ్యాగు అందులోనే ఉండిపోయింది. ఇద్దరి పాస్‌పోర్టులు, అమ్మ షుగర్ మాత్రలు, అన్నీ దాంట్లోనే. వాళ్ల ఫ్లైటు గురువారం.

పాస్‌పోర్టులు దాంట్లో పెట్టమన్నది నేనే. అది మర్చిపోయి నడిరోడ్డు మీద అమ్మ మీద అరిచాను.

ఎదురుగా ఒక బార్ ఉంటే పరిగెత్తాను (అక్కడ బార్ అంటే మందు కొట్టు కాదు, మన టీ బంకు లాంటిది, చాలాచోట్ల బస్సు టికెట్లు కూడా అమ్ముతారు). నడిపే ఆవిడకి అరవై దాటి ఉంటాయి, ఇంగ్లిష్ ముక్క రాదు. నేను చేతులు తిప్పుతూ బస్సు బస్సు అంటుంటే టికెట్ చింపి ఇచ్చింది. చివరికి నా కొలీగ్ తమ్ముడు, బొలోన్యాలో చదువుకుంటున్న కాకినాడ కుర్రాడు గుర్తొచ్చి ఫోన్ చేశాను. ఆదివారం మధ్యాహ్నం నిద్రలోంచి లేచి, ఎవరో ఏమిటో అడక్కుండా, "స్పీకర్‌లో పెట్టండన్నా" అని ఆవిడతో గడగడా ఇటాలియన్‌లో మాట్లాడాడు. ఆవిడ బస్సు డిపోకి ఫోన్ చేసింది, ఎవరూ ఎత్తలేదు, మళ్లీ చేసింది. నాలుగోసారికి ఎత్తారు. బ్యాగు డ్రైవర్ దగ్గరే ఉంది, మళ్లీ ట్రిప్పుకి తెస్తాడు అన్నారు.

అంటే రెండు గంటలకి పైనే. అమ్మ నీరసపడిందని చూసి ఆవిడ ఒక రొట్టె వేడిచేసి తెచ్చింది, క్రెషా అంటారు, అచ్చం మన పొరల పరోటాలా ఉంది. ఫోన్లోంచి కుర్రాడు, "ఆంటీ ఆగండి, దాంట్లో పంది కొవ్వు వేస్తారు!" అమ్మ చేతిలో ముక్క అక్కడే ఆగిపోయింది. విషయం చెప్తే ఆవిడ ప్లేటు తీసేసి, మామూలు బ్రెడ్డు మీద టమాటా, ఉప్పు, ఆలివ్ నూనె వేసి ఇచ్చింది. డబ్బులు ఎంత బతిమాలినా తీసుకోలేదు.

డ్రైవర్ బ్యాగు వెంటనే ఇవ్వలేదు. పాస్‌పోర్టు తెరిచి ఫోటో చూసి, అమ్మ మొహం చూసి, మళ్లీ ఫోటో చూసి, అప్పుడు ఇచ్చాడు. నాకు అదే నచ్చింది. ఇరవై యూరోలు ఇవ్వబోతే నా చేతిని తీసుకెళ్లి నా జేబులోనే పెట్టాడు.

మిగిలిన టైములో పైనున్న డ్యూక్ ప్యాలెస్‌కి పరుగు. అక్కడ డ్యూక్ ఫెదెరీగో చదువుకునే గది చిన్నది, గోడలంతా రంగురంగుల చెక్క ముక్కలు పొదిగి చేసిన బొమ్మలే: పుస్తకాలు, వాయిద్యాలు, సగం తెరిచిన అలమరాలు. ముప్పై నాలుగేళ్లు పిల్లలకి పర్‌స్పెక్టివ్ (బొమ్మలో లోతు కనిపించేలా గీసే పద్ధతి) నేర్పిన మా నాన్న ఆ అలమరా తలుపు ముయ్యబోయారు! గార్డు కేకేశాడు.

తిరుగు బస్సుకి ముందు అమ్మ బ్యాగులోంచి ఆత్రేయపురం పూతరేకుల పొట్లం తీసి బార్ ఆవిడకి ఇచ్చింది. ఆవిడ ఒకటి చేతిలోకి తీసుకుని, పైనున్నది చుట్టిన కాగితమనుకుని పొర తర్వాత పొర జాగ్రత్తగా ఒలిచి పక్కన పెట్టడం మొదలెట్టింది. అమ్మ నవ్వాపుకోలేక, ఆ ఒలిచిన పొరొకటి తీసి ఆవిడ నోట్లో పెట్టేసింది.